ఎద్దును మోసినోడు... చెట్టుకు చిక్కాడు!

జిమ్‌కి వెళ్లే అలవాటుంటే మీ ఫోన్‌లో ఈ బొమ్మ ఎప్పుడో ఒకసారి కనిపించే ఉంటుంది. మొదట ఓ బక్కపల్చటి కుర్రాడు, భుజాల మీద చిన్న దూడ. పక్క బొమ్మలో దూడ కాస్త ఎదుగుతుంది, కుర్రాడి ఛాతీ కూడా. ఆఖరి బొమ్మలో కొండలాంటి మనిషి, అతని భుజాల మీద కొమ్ములు తిరిగిన ఎద్దు. కింద 'ప్రోగ్రెసివ్ ఓవర్‌లోడ్' అని ఒక ముక్క. లైక్ కొట్టి పైకి తోసేస్తాం.

ఆ కుర్రాడి పేరు మైలో. కల్పిత పాత్ర కాదు. రెండున్నర వేల ఏళ్ల క్రితం నిజంగా బతికిన గ్రీకు మల్లయోధుడు. అతని గురించి చదవడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది ఏంటంటే, ఆ దూడ కథ అతని జీవితంలో చాలా చిన్న ముక్క. యుద్ధం, లెక్కల మాస్టారు, పారిపోయి వచ్చిన డాక్టరు, తగలబడిన ఇల్లు, చివర్లో తోడేళ్లు... వెబ్ సిరీస్‌కి సరిపడా సరుకు ఉంది. రండి, మొదటి నుంచి చెప్తాను.

ఊరు ఇటలీలో, మనుషులు గ్రీకులు

మైలో ఊరు క్రోటన్. మ్యాపులో ఇటలీ దేశం బూటు ఆకారంలో ఉంటుంది కదా, ఆ బూటు అరికాలి దగ్గర సముద్రం ఒడ్డున ఉంటుంది. ఇప్పుడు క్రోటోనే అంటున్నారు. అప్పట్లో గ్రీకులు పొలాల కోసం, వ్యాపారం కోసం సముద్రం దాటి దక్షిణ ఇటలీలో ఊళ్లకు ఊళ్లు కట్టుకున్నారు. వాటిలో ఇదొకటి.

ఈ ఊరికి ఆటల పిచ్చి. ఒక ఒలింపిక్స్ పరుగు పందెంలో మొదటి ఏడుగురూ క్రోటన్ వాళ్లేనని స్ట్రాబో అనే పాతకాలపు భూగోళ రచయిత రాశాడు. "క్రోటన్‌లో ఆఖరివాడు మిగతా గ్రీకుల్లో మొదటివాడు" అనే సామెతే పుట్టింది. ఆటగాళ్లతో పాటు వైద్యులకూ ఈ ఊరు పేరుమోసింది. క్రీ.పూ. 530 ప్రాంతంలో పైథాగరస్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అవును, పదో తరగతిలో మనల్ని త్రిభుజాలతో కుస్తీ పట్టించిన ఆయనే. అసలు కుస్తీ పట్టినోడు, లెక్కలు కట్టినోడు ఒకే ఊళ్లో తిరిగారన్నమాట.

32 టైటిళ్లు, బరువు క్లాసుల్లేవు

అప్పటి కుస్తీ రూల్స్ వింటే ఈ రికార్డు ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇప్పటిలా 57 కిలోలు, 74 కిలోలు అని విభాగాలు లేవు. చీటీ తీస్తారు, ఎవరు పడితే వాళ్లతో తలపడాల్సిందే. టైమ్ లిమిట్ లేదు. పాయింట్లు లేవు. ఒంటికి ఆలివ్ నూనె రాసుకుని, పైన దుమ్ము చల్లుకుని, బట్టల్లేకుండా ఇసుక గోదాలోకి దిగాలి. ప్రత్యర్థిని మూడుసార్లు పడగొట్టినవాడే విజేత. గెలిస్తే డబ్బు ఇవ్వరు. ఒలింపియాలో దక్కేది అడవి ఆలివ్ కొమ్మల కిరీటం, అంతే. కాకపోతే ఊరికి తిరిగొచ్చాక రాజభోగం.

క్రీ.పూ. 540 ప్రాంతంలో మైలో బాలుర విభాగంలో మొదటిసారి ఒలింపిక్ కిరీటం గెలిచాడు. తర్వాత క్రీ.పూ. 532 నుంచి 516 వరకు పెద్దల విభాగంలో వరసగా ఐదు. ఒలింపియా కాకుండా గ్రీకులకు ఇంకో మూడు పెద్ద పోటీలుండేవి. డెల్ఫీలో ఏడు, ఇస్థ్మియాలో పది, నెమియాలో తొమ్మిది గెలిచాడు. మొత్తం 32. ఆ నాలుగు చోట్లా ఒకే వరసలో గెలవడం ఇప్పటి టెన్నిస్‌లో గ్రాండ్ స్లామ్ లాంటిది. మైలో దాన్ని ఐదుసార్లు చేసినట్టు లెక్క.

ఇంకా బాగా అర్థం కావాలంటే 2024 పారిస్ ఒలింపిక్స్ గుర్తు తెచ్చుకోండి. క్యూబా మల్లయోధుడు మిహైన్ లోపెజ్ వరసగా ఐదో ఒలింపిక్ స్వర్ణం గెలిచి, బూట్లు విప్పి మ్యాట్ మీదే వదిలేసి వెళ్లిపోయాడు. అప్పుడతనికి 41 ఏళ్లు. ఆధునిక ఒలింపిక్స్‌లో ఒకే వ్యక్తిగత ఈవెంట్‌లో వరసగా ఐదు బంగారాలు ఇంకెవరికీ లేవు. పెద్దల విభాగంలో మైలో లెక్క కూడా సరిగ్గా అంతే. ఆ లెక్కను అందుకోవడానికి కుస్తీకి రెండున్నర వేల ఏళ్లు పట్టింది!

మైలో మీద ఒక జోక్ పద్యం కూడా పాత గ్రీకు సంకలనాల్లో ఉంది. ఒకసారి అతనితో తలపడటానికి ఎవరూ ముందుకు రాలేదట. కుస్తీ లేకుండానే గెలిచినట్టు ప్రకటించారు. కిరీటం అందుకోవడానికి వస్తూ మైలో కాలుజారి పడ్డాడు. జనం ఊరుకుంటారా? "ఒక్కడే ఉండి కూడా పడిపోయాడు, కిరీటం ఇవ్వొద్దు" అని గోల. మనోడు తీరిగ్గా లేచి, నేను పడింది ఒక్కసారే కదా, మిగతా రెండుసార్లు ఎవరైనా వచ్చి పడగొట్టండి చూద్దాం అన్నాడట. జనం గప్‌చుప్.

దూడ లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఇప్పుడు మన దూడ దగ్గరికి వద్దాం. దూడను రోజూ మోయడం అలవాటైనవాడు దాన్ని ఎద్దుగా కూడా మోశాడని రోమన్ కాలపు రచయిత క్వింటిలియన్ రాశాడు. నాలుగేళ్ల ఎద్దును భుజాల మీద వేసుకుని ఒలింపియా మైదానం చుట్టూ తిరిగాడని, తర్వాత దాన్ని కోసి ఒక్కరోజులో ఒక్కడే తినేశాడని అథెనియస్ పుస్తకంలో ఉంది.

కాగితం మీద లెక్క వేసి చూడండి. పుట్టిన దూడ 30, 40 కిలోలుంటుంది. కాస్త సాధన ఉన్నవాడు మోయగలడు. కానీ బాగా మేపిన దూడ రోజుకు అరకిలో పైనే పెరుగుతుంది. అంటే ఏడాది తిరిగేసరికి రెండొందల కిలోలు దాటుతుంది. నాలుగేళ్లకు నాలుగైదు వందలు. మన కండరాలు ఆ స్పీడులో పెరగవు. మొదటి కొన్ని నెలలు బలం బాగా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఆ తర్వాత కొన్నాళ్లు అస్సలు కదలదు. దూడకు మాత్రం ఆగడం తెలీదు. మధ్యలో మీకు జ్వరమొచ్చినా అది పెరుగుతూనే ఉంటుంది.

మరి కథ అబద్ధమా? కథలోని ఎద్దును నేను నమ్మను గానీ, సూత్రం మాత్రం పచ్చి నిజం. కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ పోతే ఒళ్లు అందుకు తగ్గట్టు మారుతుంది. దీన్ని వైద్యంలోకి తెచ్చింది థామస్ డెలోర్మ్ అనే అమెరికన్ డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో షికాగోలోని సైనిక ఆసుపత్రి మోకాళ్లు, కాళ్లు దెబ్బతిన్న సైనికులతో నిండిపోయింది. ఆపరేషన్ తర్వాత కదలకుండా పడుకోవాలనే పాత పద్ధతిని పక్కన పెట్టి, వాళ్లతో బరువులు ఎత్తించాడు. ఒక్కో మెట్టు పెంచుకుంటూ వెళ్లాడు. సైనికులు త్వరగా కోలుకున్నారు. ఇప్పుడు మనం సెట్లు, రెప్పులు అంటూ చేసేదాని వెనక ఆ ఆసుపత్రి వార్డు ఉంది.

మా జిమ్‌లో ఒక కుర్రాడు చేరిన రెండో వారమే పక్కవాడు చూస్తున్నాడని వంద కిలోల బార్ ఎత్తబోయాడు. మూడు నెలలు నడుంకి బెల్టు పెట్టుకుని తిరిగాడు. వాడు మైలో రీల్ చూడలేదని కాదు. చూశాడు. ఆఖరి బొమ్మ ఒక్కటే చూశాడు.

బకాసురుడి మెనూ

తిండి సంగతి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. అథెనియస్ లెక్క ప్రకారం మైలో రోజుకు 20 మినాల మాంసం, అంతే బరువు రొట్టె, మూడు పెద్ద కూజాల వైన్ పుచ్చుకునేవాడు. మన కొలతల్లో దాదాపు ఎనిమిదిన్నర కిలోల మాంసం, ఎనిమిదిన్నర కిలోల రొట్టె, పది లీటర్ల వైన్. మన బకాసురుడి బండెడు అన్నం గుర్తొస్తోంది కదా!

ఇందులో గోరంతలు కొండంతలు చేసింది చాలానే ఉంటుంది. బరువులెత్తేవాళ్లకు ఒక్కో కిలో ఒంటి బరువుకి రోజుకు 1.6 నుంచి 2.2 గ్రాముల ప్రొటీన్ సరిపోతుందని ఇప్పటి నిపుణులు చెప్తున్నారు. వంద కిలోల మనిషికైనా 220 గ్రాములు దాటక్కర్లేదు. ఎనిమిదిన్నర కిలోల మాంసంలో దానికి ఏడెనిమిది రెట్లు పైనే ఉంటుంది. ఎవరైనా 'మైలో డైట్' అంటూ రీల్ పెడితే నవ్వుకుని వదిలేయండి.

దానిమ్మ పండు మర్మం

క్రీ.శ. రెండో శతాబ్దంలో గ్రీసంతా తిరిగిన పౌసానియస్ అనే యాత్రికుడు ఒలింపియాలో మైలో విగ్రహాన్ని చూశాడు. డామియాస్ అనే క్రోటన్ శిల్పి చేసింది. ఆ విగ్రహాన్ని మైలో తానే మోసుకొచ్చి నిలబెట్టాడని అక్కడివాళ్లు చెప్పారు. ఇంకా ఏమేం చెప్పారంటే...

ఒకటి: మైలో దానిమ్మ పండు పట్టుకుంటే ఎవరూ విడిపించలేకపోయేవాళ్లు. విచిత్రం ఏంటంటే పండు నలిగేది కాదు.

రెండు: నూనె పూసిన గుండ్రటి పళ్లెం మీద నిలబడితే ఎంతమంది తోసినా కదిలేవాడు కాదు.

మూడు: నుదుటికి తాడు కట్టుకుని ఊపిరి బిగబడితే, నరాలు ఉబ్బి తాడు పుటుక్కున తెగేది.

నాలుగు: చెయ్యి ముందుకు చాపి వేళ్లు కలిపి పెడితే, చిటికెన వేలును కూడా ఎవరూ విడదీయలేకపోయేవాళ్లు.

నాకు వీటిలో బాగా నచ్చింది దానిమ్మ. నలపడం ఎవడైనా చేస్తాడు. బిగించిన పిడికిలి నుంచి పండు జారకూడదు, పండుకు దెబ్బ తగలకూడదు. బలం కన్నా అదుపు గొప్పదని చెప్పే కథ ఇది.

అయితే ఇక్కడో ట్విస్ట్. ఫిలోస్ట్రేటస్ రాసిన ఒక పుస్తకంలో అపొల్లోనియస్ అనే జ్ఞాని ఇదే విగ్రహాన్ని వేరేలా వివరిస్తాడు. మైలో హేరా దేవత పూజారి. దానిమ్మ ఆ దేవతకు ఇష్టమైన పండు. తలకు ఉన్నది పూజారి కట్టుకునే పట్టీ. కాళ్ల కింద ఉన్నది దేవతను ప్రార్థించేటప్పుడు నిలబడే డాలు. అంటే గుళ్లో పూజ చేస్తున్న మనిషి విగ్రహాన్ని చూసి, జనం ఒక్కో వస్తువుకి ఒక్కో బలప్రదర్శన కథ అల్లేశారన్నమాట. అప్పట్లో వాట్సాప్ లేదు, అంతే తేడా.

లెక్కల మాస్టారి శిష్యుడు

కండలున్నోడికి బుర్ర ఉండదని అనుకునేవాళ్లకి మైలో మంచి జవాబు. అతను పైథాగరస్ బృందంలో సభ్యుడు. ఆ బృందం ఊరికే లెక్కలు చేసుకునే క్లబ్బు కాదు. నియమాలు, సంగీతం, తత్వం, వాటితో పాటు ఊరి రాజకీయాలు. ఒకసారి వాళ్లు భోజనశాలలో ఉండగా స్తంభం కూలబోతే, మైలో తన ఒంటితో కప్పును ఆపి అందర్నీ బయటికి పంపి, ఆఖర్న తాను బయటపడ్డాడని స్ట్రాబో రాశాడు. పైథాగరస్ కూతురు మైయా మైలోని పెళ్లి చేసుకుందని తర్వాతి రచయితల మాట.

మైలో పేరు ఎంత దూరం వెళ్లిందో చెప్పే కథ హెరొడోటస్ చరిత్రలో ఉంది. క్రోటన్ వైద్యుడు డెమొసెడిస్ బందీగా పర్షియా రాజు డరియస్ దగ్గరికి చేరాడు. రాజు బెణికిన చీలమండను, రాణి రొమ్ము మీద గడ్డను నయం చేసి బంగారంలో మునిగాడు. అన్నీ ఉన్నా ఇంటికి వెళ్లే స్వేచ్ఛ లేదు. చివరికి ఎత్తు వేసి, ఓడ ఎక్కి క్రోటన్‌కి పారిపోయాడు. వెంటాడి వచ్చిన పర్షియన్లను ఊరివాళ్లు ఉత్త చేతులతో పంపించారు. వాళ్లు వెళ్లేటప్పుడు డాక్టరు గారు ఒక్క కబురు పంపాడు: నేను మైలో కూతుర్ని పెళ్లి చేసుకుంటున్నానని రాజుకి చెప్పండి! ఎందుకంటే ఎక్కడో ఇరాన్‌లో కూర్చున్న డరియస్‌కి కూడా ఆ మల్లయోధుడి పేరంటే గౌరవం. మామగారి పేరే ఆయనకు వీసా, పాస్‌పోర్టు, అన్నీ.

సింహం తోలు, ఆరు కిరీటాలు

క్రోటన్‌కి ఉత్తరాన సైబారిస్ అనే ఊరుండేది. డబ్బు, విలాసం. ఇంగ్లిష్‌లో సుఖలాలసులను ఇప్పటికీ ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. అక్కడ టెలిస్ అనే నాయకుడు జనాన్ని రెచ్చగొట్టి 500 మంది ధనికులను వెళ్లగొట్టి ఆస్తులు లాక్కున్నాడు. వాళ్లు క్రోటన్ వచ్చి గుడి దగ్గర శరణు కోరారు. అప్పగిస్తారా, యుద్ధమా అని టెలిస్ కబురు పెట్టాడు. సైబారిస్ పెద్దది, క్రోటన్ జనం భయపడి అప్పగించేద్దామనుకున్నారు. శరణన్నవాళ్లను వదలకూడదని పైథాగరస్ చెప్పాక మనసు మార్చుకున్నారు.

క్రీ.పూ. 510లో యుద్ధం జరిగింది. క్రోటన్ సేనను నడిపింది మైలో. తల మీద ఆరు ఒలింపిక్ కిరీటాలు, భుజాన సింహం తోలు, చేతిలో గద. అచ్చం హెర్క్యులిస్ వేషంలో ముందు నిలిచాడని డయోడొరస్ రాశాడు. మూడు లక్షల మందిని లక్షమంది ఓడించారని కూడా రాశాడు. ఆ అంకెలు అతిశయోక్తే, కానీ గెలుపు మాత్రం నిజం.

గెలిచాక చేసింది మాత్రం ఘోరం. శరణార్థులను కాపాడదామని మొదలైన యుద్ధం ఒక ఊరిని భూమ్మీద లేకుండా చేసింది. దోచుకున్నారు. క్రాథిస్ నదిని మళ్లించి సైబారిస్‌ను ముంచేశారు. శతాబ్దాల పాటు అది ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. పొగిడేవాళ్లు కిరీటాలూ సింహం తోలూ చెప్పి ఆపేస్తారు. నది నీళ్ల కింద పోయిన ఊరు కూడా మైలో రికార్డులోదే అని నేననుకుంటాను.

ఆ విజయం క్రోటన్‌కీ అచ్చిరాలేదు. గెలిచిన భూములు ఎవరికి, పాలన ఎవరి చేతుల్లో అని గొడవలు లేచాయి. పైథాగరస్ బృందం పెత్తనం నచ్చనివాళ్లకు సైలన్ నాయకుడయ్యాడు. ఇతన్ని ఆ బృందంలో చేర్చుకోలేదన్న కసి ఒకటుంది. ఒకరోజు పైథాగరస్ అనుచరులు సమావేశమైన ఇంటికి నిప్పు పెట్టారు. చాలామంది లోపలే కాలిపోయారు. ఆ ఇల్లు మైలోది. కూలుతున్న కప్పును ఆపినవాడని పేరున్న మనిషి ఇల్లే మంటల్లో కూలిపోయింది.

దొరకని కుర్రాడు

మరి మైలోని గోదాలో ఎవరూ ఆపలేదా? ఆపారు. ఏడో ఒలింపిక్ కిరీటం కోసం దిగినప్పుడు ఎదురుగా నిలిచింది అదే ఊరి కుర్రాడు, టిమాసిథియస్. అతను మైలోకి ఒంటి పట్టు దొరకనివ్వలేదు. దగ్గరికి రాడు, దూరం నుంచే చేతులతో తప్పించుకుంటూ తిప్పుతాడు. పెద్దాయన పట్టుకుంటే పని అయిపోతుందని తెలుసు. అందుకే పట్టుకోనివ్వలేదు. క్రికెట్‌లో వయసైపోయిన ఫాస్ట్ బౌలర్‌ని పరిగెత్తించి అలసగొట్టడం చూశారుగా, అదే టెక్నిక్.

బలంలో కూడా అతన్ని మించినవాడు ఒకడున్నాడని ఏలియన్ కథ చెప్తాడు. టిటోర్మస్ అనే పశువుల కాపరి. మైలో అతికష్టం మీద దొర్లించిన బండరాయిని అతను మోకాళ్ల మీదికి, భుజం మీదికి ఎత్తి, నడిచి, అవతల పారేశాడట. మైలో చేతులు పైకెత్తి దేవుణ్ణి తలచుకుని, ఇంకో హెర్క్యులిస్‌ని పుట్టించావా అన్నాడట. టిటోర్మస్‌కి ఒక్క పతకం లేదు. పశువులు కాసుకుంటూ బతికాడు.

ముసలితనంలో మైలో మైదానంలో కుర్రాళ్ల సాధన చూస్తూ, తన చేతుల్ని చూసుకుని, ఇవి చచ్చిపోయాయని ఏడ్చాడని సిసిరో రాశాడు. సిసిరో దాన్ని తిట్టాడు కూడా, చేతులు తప్ప నీకింకేం లేవా అని. నాకు మాత్రం అది తిట్టాల్సిన విషయంలా అనిపించదు. ఇరవై నాలుగేళ్లు తన పేరుకి అర్థం ఆ చేతులే. అవి పోతే ఏడవడా?

అడవిలో ఆఖరి పట్టు

చావు కథ స్ట్రాబో, పౌసానియస్ ఇద్దరూ చెప్పారు. మైలో ఒంటరిగా అడవిలో వెళ్తుంటే ఒక చెట్టు మొద్దు కనిపించింది. ఎవరో దాన్ని చీల్చడానికి చీలలు దిగ్గొట్టి, పని సగంలో వదిలేసి వెళ్లారు. దీన్ని నా చేతులతో చీల్చేస్తా అనుకున్నాడు. రెండు చేతులూ పగుల్లో దూర్చి లాగాడు. మొద్దు కాస్త విచ్చుకుంది, చీలలు కింద పడిపోయాయి. ఆసరా పోగానే కొయ్య టప్పున మూసుకుపోయింది. చేతులు లోపల. లాగినకొద్దీ బిగిసింది. రాత్రి తోడేళ్లు వచ్చాయి.

ఫ్రెంచ్ శిల్పి పియర్ పుజే 1682లో పూర్తి చేసిన పాలరాతి శిల్పం ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో తోడేళ్ల బదులు సింహం ఉంటుంది. వీరుడి మీదికి తోడేళ్లు రావడం శిల్పికి చిన్నతనం అనిపించిందేమో. కానీ నాకు తోడేళ్లే సరైనవి అనిపిస్తుంది. ఒక్కొక్క తోడేలుని మైలో చేత్తో విసిరేసేవాడు. చేతులు లేవు, పక్కన మనిషి లేడు, అందుకే అవి గెలిచాయి.

ఈ కథలో ఒక విషయం గమనించారా? కప్పు కూలుతున్నప్పుడు అతని వెనక జనం ఉన్నారు, కాపాడాల్సిన అవసరం ఉంది. అడవిలో ఆ మొద్దును చీల్చమని ఎవరూ అడగలేదు. చూసేవాళ్లు కూడా లేరు. తనకు తాను ఇంకా మైలోనే అని నిరూపించుకోవాలనుకున్నాడు. అంతకుమించి ఆ బరువుకి ఏ పనీ లేదు.

క్రోటోనే దగ్గర సముద్రం వైపు పొడుచుకొచ్చిన కొండకొమ్ము మీద హేరా దేవత గుడి శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. మైలో తరం తర్వాత లేచిన పెద్ద గుడి అది. భూకంపాలు వచ్చాయి, రాళ్లను జనం ఎత్తుకుపోయి వేరే కట్టడాల్లో వాడేసుకున్నారు. ఇప్పుడు అక్కడ నిలిచి ఉన్నది ఒకే ఒక్క స్తంభం. ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని ఆ స్తంభం పేరుతోనే కాపో కొలొన్నా అంటారు. మోయడానికి పైన కప్పు లేదు. అయినా నిలబడే ఉంది.